నల్లా నీళ్లు తాగొచ్చా? పరీక్షలు, రికార్డులు, ప్లాంటు లైసెన్సులు ఎలా చూసుకోవాలి

నల్లగొండ వాళ్లకు నీళ్ల విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడ 480 మంది పోటీలో నిలబడ్డారు, ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం మేం ఇంతమందిమి ఏడుస్తున్నాం అని ఢిల్లీకి తెలియాలని. గుర్తులు సరిపోక, బ్యాలెట్ పేపరు పుస్తకమంత లావు అయ్యి, పోలింగే వాయిదా పడింది. ఆ తర్వాత చాలా ఏళ్లకు మిషన్ భగీరథ వచ్చింది, 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ కట్టారు, అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి మన వైపు, శ్రీశైలం బ్యాక్ వాటర్ నుంచి పాలమూరు వైపు కృష్ణా నీళ్లు పైపుల్లో ఊళ్లకు చేరాయి. అది చిన్న విషయం కాదు. కానీ నీళ్లు రావడం ఒక పని, వచ్చిన నీళ్లు తాగడానికి పనికొస్తాయని ఎవరైనా చూసి, రాసి పెట్టడం ఇంకో పని. ఈ రెండో పని మీ ఊళ్లో, మీ వార్డులో జరుగుతుందా లేదా ఎలా తెలుసుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నా. సర్పంచులు, వార్డు మెంబర్లు, మహిళా సంఘాల వాళ్లు, ఏ పదవీ లేని మామూలు మనుషులు, అందరికీ పనికొస్తుంది.

ముందు లైసెన్సు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే చాలామంది దీన్ని తప్పుగా అనుకుంటారు. అమెరికాలాంటి చోట నీళ్లు సరఫరా చేసే సంస్థకు 1974 నాటి చట్టం కింద ప్రమాణాలు తప్పనిసరి, ఏ నీళ్లలో ఏముందో ఏటా జూలై 1 లోపు వాడుకునేవాళ్లందరికీ రిపోర్టు ఇవ్వాలి. మన దగ్గర మున్సిపాలిటీకి గానీ పంచాయతీకి గానీ నల్లా నీళ్లు ఇవ్వడానికి విడిగా లైసెన్సు ఏదీ ఉండదు. రాజ్యాంగం 11వ, 12వ షెడ్యూళ్లలో తాగునీటిని స్థానిక సంస్థల పనిగా రాశారు, మన రాష్ట్రంలో 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం ఆ బాధ్యతను వాళ్ల మీద పెట్టాయి. ఇక నీళ్లు ఎలా ఉండాలో చెప్పేది ఐఎస్ 10500 అనే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం, 2012లో సవరించింది. దాన్ని పాటించకపోతే సరఫరా ఆపేయాలి అనే బలం దానికి లేదు, ప్రభుత్వ ల్యాబులు మాత్రం దాన్ని పెట్టుకునే కొలుస్తాయి. 2020లో ఐఎస్ 17482 అని ఇంకోటి వచ్చింది, నది దగ్గర నుంచి నల్లా దాకా సరఫరాను ఎలా నడపాలో చెప్పేది, అదీ తప్పనిసరి కాదు. అంటే ఆపేసే అధికారి ఎవరూ లేనప్పుడు అడిగే జనమే ఉండాలి, అడగడానికి మన చేతిలో ఉండేది పరీక్ష రిపోర్టు, క్లోరిన్ రిజిస్టరు, ట్యాంకు రిజిస్టరు, ఈ మూడు కాగితాలే.

అడిగే ముందు మీరే ఒక పరీక్ష చేయండి, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. క్లోరిన్ పరీక్ష. చిన్న కిట్టు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, పంచాయతీ దగ్గర ఉండే ఫీల్డ్ టెస్ట్ కిట్టులో కూడా ఇది ఉంటుంది. అసలు కిటుకు ఎక్కడ చేస్తామన్నదే. ట్యాంకు కింద ఉన్న నల్లా దగ్గర చేస్తే క్లోరిన్ ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. మీరు లైనులో చివరి ఇంటికి పోవాలి. నీళ్లు అందరికంటే ఆఖరికి వచ్చి అందరికంటే ముందు ఆగిపోయే ఇల్లు ఒకటి ప్రతి వాడలో ఉంటుంది, ఆ ఇంట్లో. నీళ్లు వదిలిన తర్వాత రెండు మూడు నిమిషాలు పోనిచ్చి, గాజు గొట్టంలో గీత దాకా పట్టి, మందు చుక్కలు వేసి, వెంటనే వెలుతురులో పెట్టి రంగు చూడండి. ఓటీ మందైతే పసుపు వస్తుంది, డీపీడీ బిళ్ల అయితే గులాబీ వస్తుంది, పక్కనున్న రంగుల కార్డుతో పోల్చుకుంటే అంకె తెలుస్తుంది. లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, 1 దాటకూడదు. ఓటీ మందుతో చేస్తే పది సెకన్లలోపే చూసేయాలి, ఆలస్యం చేసిన కొద్దీ రంగు ముదిరి లేని క్లోరిన్ కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ మందు మంచిది కాదు, పరీక్ష చేసిన నీళ్లు మోరీలో పారబోసి గొట్టం కడిగేయండి, పిల్లలకు అందనీయకండి. కొనేదైతే డీపీడీనే కొనండి.

గొట్టంలో రంగే రాలేదంటే రెండింట్లో ఒకటి: ట్యాంకులో బ్లీచింగ్ వేయలేదు, లేదా దారిలో మురికి కలిసి క్లోరిన్ అంతా దానికే ఖర్చయిపోయింది. ట్యాంకు దగ్గర ఉండి చివర లేకపోతే రెండోదాన్నే అనుమానించాలి. వాడ వెంట నడుచుకుంటూ పోతే చాలాసార్లు కారణం కళ్లకే కనిపిస్తుంది. నీళ్లు సన్నగా వస్తున్నాయని ఇంటి ముందు గుంత తవ్వి నల్లాను అడుగున్నర కిందికి దించుతారు, ఆ గుంత పక్కనే మోరీ, వాన పడితే మోరీ నీళ్లు గుంతలోకి, గుంతలో మునిగిన నల్లాకు మూత ఉండదు. సరఫరా ఆగగానే పైపు ఖాళీ అవుతూ బయటి నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది, మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ మురికి మొదట పట్టుకునేవాళ్ల బిందెలోకి పోతుంది. దీనికి తోడు నల్లాకు డైరెక్టుగా మోటరు బిగిస్తే పైపులో పీడనం ఇంకా పడిపోయి, పక్కింటి వాళ్లకు నీళ్లు రాకపోవడమే కాదు, ఎక్కడ చిన్న పగులు ఉంటే అక్కడి నుంచి మురికి లోపలికి లాగుతుంది. మోటరు పెట్టుకోవాలంటే సంపు కట్టుకుని, నల్లా నీళ్లు సంపులో పడ్డాక అక్కడి నుంచి పెట్టుకోవాలి. ఇది ఇరుగుపొరుగు మాట్లాడుకుని మానుకోవాల్సిన పని, అధికారి వచ్చి మోటర్లు పట్టుకుపోయే దాకా ఆగితే ఆ లోపు ఏ పసిపిల్లకో విరేచనాలు అవుతాయి.

ట్యాంకు సంగతి. మన పంచాయతీల్లో ట్యాంకు నెలకు మూడుసార్లు, 1, 11, 21 తేదీల్లో కడగాలి, కడిగిన తేదీ ట్యాంకు మీదే రాయాలి. పోయి చూడండి, తేదీ ఎప్పటిదో. నిచ్చెన ఎక్కే ధైర్యం ఉన్నవాళ్లు పైన మూత ఉందో లేదో, గాలి గొట్టానికి జాలీ ఉందో లేదో చూడాలి, పావురాలు, కోతులు దూరేది అక్కడి నుంచే. బ్లీచింగ్ లెక్క వాటర్ మ్యాన్‌కే కాదు, వార్డు మెంబరుకూ తెలిసి ఉండాలి. 40 వేల లీటర్ల ట్యాంకులో లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే మొత్తం 80 గ్రాముల క్లోరిన్ కావాలి. మంచి పౌడర్‌లో 25 శాతం క్లోరిన్ ఉంటుంది అనుకుంటే 320 గ్రాముల పౌడర్ వేయాలి. అదే మూతి తెరిచి తడి తగిలి, ఎండలో పడి ఉన్న పాత బస్తా అయితే 15 శాతమే ఉండొచ్చు, అప్పుడు అదే పనికి 530 గ్రాములు పడుతుంది. "గుప్పెడు వేసిన" అనే లెక్క ఇందుకే పనికిరాదు. పౌడర్‌ను బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేరుకున్న నీళ్లు మాత్రమే ట్యాంకులో పోసి, కనీసం అరగంట అయ్యాక వాల్వు తిప్పాలి. భగీరథ నీళ్లు క్లోరిన్ కలిపే వస్తాయి కాబట్టి ముందు ట్యాంకులో ఎంత ఉందో కొలిచి, తక్కువైన మేరకే వేయాలి, లేకపోతే వాసనకు జనం తాగడం మానేసి క్యానుల వెంట పడతారు.

ఇప్పుడు మన జిల్లాకు అన్నిటికంటే ముఖ్యమైనది, ఫ్లోరైడ్. దీన్ని కొంచెం ఓపిగ్గా చదవండి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు భూమి కింద ఉన్నది గ్రానైటు రాయి, అందులోనే ఫ్లోరైడ్ ఉంది, నీళ్లు ఆ రాయిలో ఎక్కువ కాలం నిలిచిన కొద్దీ అది కరుగుతుంది, కాల్షియం తక్కువగా ఉండి క్షారం ఎక్కువున్న నీళ్లలో ఇంకా ఎక్కువ కరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మరగబెడితే పోదు, నీళ్లు ఆవిరై పోయి ఫ్లోరైడ్ మిగులుతుంది కాబట్టి ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడగట్టినా, క్యాండిల్ ఫిల్టర్ పెట్టినా పోదు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కొలిచే మీటరు దీన్ని చూపించదు, 400 టీడీఎస్ ఉన్న నీళ్లలో కూడా ప్రమాదకరమైన ఫ్లోరైడ్ ఉండొచ్చు. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా. ఎనిమిదేళ్లలోపు పిల్లలు దాటించి తాగితే శాశ్వత పళ్లు గార పట్టి వస్తాయి, ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదు తాగితే ఎముకలు వంగిపోతాయి, వంగినవి మళ్లీ తిరిగి రావు. ఫ్లోరైడ్‌తో ఒళ్లంతా వంకరపోయిన శివన్నగూడెం అంశల స్వామిని చూసిన వాళ్లెవరికీ దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

భగీరథ వచ్చాక ఇది తీరిపోయిందని చాలామంది అనుకుంటున్నారు, నది నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువే కాబట్టి సగం నిజమే. మిగతా సగం ట్యాంకు దగ్గర ఉంది. చాలా ఊళ్లలో పాత బోరు పైపు ఇంకా అదే ట్యాంకుకు కలిపి ఉంటుంది. మెయిన్ పైపు పగిలిందనో, కరెంటు లేదనో భగీరథ నీళ్లు రెండు రోజులు ఆగితే బోరు మోటరు ఆన్ చేస్తారు, నల్లాలో నీళ్లు వస్తూనే ఉంటాయి, తాగేవాళ్లకు తేడా తెలియదు. లెక్క వేసి చూడండి: నది నీళ్లలో 0.3, బోరులో 4 ఉందనుకుందాం, ట్యాంకులో మూడో వంతు బోరు నీళ్లు కలిస్తే ఫ్లోరైడ్ 1.5 దాటిపోతుంది. కాబట్టి మీరు అడగాల్సిన ప్రశ్న సూటిగా ఇది: ఈ ట్యాంకుకు బోరు లైను కలిపి ఉందా, ఉంటే ఆ బోరు రిపోర్టు ఏది, కలిపిన రోజు ఊరికి చాటింపు వేస్తున్నారా? బోరు నీళ్లు అవసరమైతే వాడకానికి వేరే ట్యాంకు, వేరే నల్లా పెట్టి "తాగడానికి కాదు" అని రాయాలి. ఒకే పైపులో రెండు రకాల నీళ్లు పంపే ఊళ్లో ఎన్ని పరీక్షలు చేసినా ఉపయోగం లేదు, ఎందుకంటే శాంపిల్ తీసిన రోజు ఏ నీళ్లు ఉన్నాయో దాని రిపోర్టే వస్తుంది.

ల్యాబుకు శాంపిల్ పంపడం పెద్ద విద్య కాదు గానీ తప్పుగా తీస్తే రిపోర్టు తప్పే వస్తుంది. జల్ జీవన్ మిషన్ కింద గ్రామీణ నీటి ల్యాబులు మామూలు జనం తెచ్చిన శాంపిళ్లు కూడా తీసుకోవాలి, ఊరికి ఐదుగురికి, వీలైతే ఆడవాళ్లకే, కిట్టుతో పరీక్ష చేయడం నేర్పాలి, మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి. ప్రతి నీటి వనరుకు రసాయన పరీక్ష ఏడాదికి ఒకసారి, సూక్ష్మజీవుల పరీక్ష రెండుసార్లు, వానలకు ముందు ఒకటి, తర్వాత ఒకటి జరగాలి. రసాయన పరీక్షకు లీటరు పట్టే శుభ్రమైన ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, అంచు దాకా నింపి మూత పెట్టండి. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వద్దు. సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రం ల్యాబు వాళ్లిచ్చే సీసానే వాడాలి, దాన్ని కడగకూడదు, అందులో క్లోరిన్‌ను విరిచే మందు ముందే వేసి ఉంటుంది. నల్లా మూతిని ఇనుపదైతే మంటతో కాల్చి, ప్లాస్టిక్‌దైతే స్పిరిట్‌తో తుడిచి, రెండు నిమిషాలు నీళ్లు వదిలి, వేళ్లు మూతికి తగలకుండా పట్టి, పైన కొంచెం ఖాళీ ఉంచి, ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు ల్యాబులో ఇవ్వండి, 24 గంటలు దాటితే ఆ శాంపిల్ దండగ. సీసా మీద ఊరు, వాడ, ఎవరి ఇంటి నల్లా, తేదీ, టైము, బోరా భగీరథా, అన్నీ రాయండి. ల్యాబు దూరమైతే హెచ్2ఎస్ సీసాలు దొరుకుతాయి, నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే మల కాలుష్యం ఉన్న నీళ్లు నల్లబడతాయి. అది రిపోర్టుతో సమానం కాదు, కానీ నల్లబడ్డ సీసా పట్టుకుని పంచాయతీకి పోతే మాట వింటారు.

రిపోర్టు చేతికి వచ్చాక మొదట చూడాల్సింది ఈ-కోలై, అంటే నీళ్లలో మలం కలిసిందని చెప్పే సూక్ష్మజీవి. 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు, ఉందంటే ఆ రోజు నుంచే నీళ్లు బాగా మరిగించి తాగాలి, ట్యాంకు కడగాలి, లీకు వెతకాలి. తర్వాత ఫ్లోరైడ్. తర్వాత నైట్రేట్, లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దీనికి సడలింపు లేదు. పశువుల కొట్టాలు, సెప్టిక్ ట్యాంకులు, యూరియా చల్లే చేలు పక్కన ఉన్న బోర్లలో ఇది ఎక్కువ ఉంటుంది, డబ్బా పాలు తాగే నెలల పిల్లలకు ప్రమాదం, ఇది కూడా మరగబెడితే పోదు. మిగతావి టీడీఎస్ 500, గట్టిదనం 200, పీహెచ్ 6.5 నుంచి 8.5, మడ్డి 1 ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే లెక్క). వీటిలో టీడీఎస్, గట్టిదనం కొంచెం పెరిగితే పప్పు ఉడకదు, గిన్నెలకు తెల్లగా పట్టేస్తుంది గానీ వెంటనే ప్రాణం మీదికి రాదు. జనం మాత్రం ఎందుకో టీడీఎస్ ఒక్కటే అడుగుతారు, అమ్మేవాళ్లు మీటరు పెట్టి చూపించేది అదొక్కటే కాబట్టి కావచ్చు.

అమ్మేవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఆర్‌వో ప్లాంట్ల గురించి. ఇక్కడ నిజంగానే లైసెన్సు అనేది ఉంది. సీలు వేసి అమ్మే నీళ్లు ఆహార పదార్థం కిందికి వస్తాయి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు ఉండాలి, ప్రమాణం ఐఎస్ 14543. ఇంతకుముందు దానికి ఐఎస్‌ఐ మార్కు కూడా తప్పనిసరి, 2024 అక్టోబరులో ఆ నిబంధన తీసేసి, నవంబరులో సీసా నీళ్లను హై రిస్క్ ఆహారం జాబితాలో పెట్టారు, అంటే తనిఖీలు, బయటి సంస్థతో ఆడిట్ ఉండాలి. సీసా మీద, సీలు వేసిన క్యాను మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, తయారైన తేదీ, అడ్రసు చూడండి, ఆ నంబరును ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫోస్కోస్ సైటులో కొడితే ఎవరి పేరు మీద ఉందో, గడువు ఉందో లేదో తెలుస్తుంది. మన వాడల్లో ఆటోలో తెచ్చి దించే 20 లీటర్ల క్యాన్లలో చాలావాటికి సీలూ ఉండదు, లేబులూ ఉండదు. వాటిని మినరల్ వాటర్ అని పిలుస్తాం గానీ వాటికి ఆ పేరు చెల్లదు, మినరల్ వాటర్‌కు వేరే ప్రమాణం ఉంది. అలాంటి ప్లాంటు నుంచి తెచ్చుకుంటున్నవాళ్లు ఈమధ్యే చేయించిన ల్యాబు రిపోర్టు చూపించమని అడగండి, అందులో ఫ్లోరైడ్, ఈ-కోలై ఉండాలి. మెంబ్రేన్ (ఆర్‌వో మిషన్లో నీళ్లను వడగట్టే పొర) ఎప్పుడు మార్చారో అడగండి, అరిగిపోయిన మెంబ్రేన్ ఫ్లోరైడ్‌ను ఆపలేదు. క్యాన్లు దేనితో కడుగుతున్నారో మీ కళ్లతో చూడండి, లోపలి గోడ వేలికి జారుడుగా తగిలితే పాచి పట్టినట్టే. ప్లాంటు పెట్టాలనుకునేవాళ్లు బోరు వేసే ముందు వాల్టా చట్టం (నీళ్లు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి తీసుకోవాలి, వదిలేసే నీళ్లు ఎక్కడ పోతాయో కూడా చూసుకోవాలి, ఆ నీళ్లలో ఫ్లోరైడ్ చిక్కబడి ఉంటుంది, తెచ్చి పాత బావిలో వదిలితే ఊరి బోర్లకే చేటు. ఇంకో మాట, నల్లాలో మంచి నది నీళ్లు వస్తుంటే వాటిని ఆర్‌వో చేయడం దండగ, 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 500 లోపు టీడీఎస్ ఉన్నచోట ఆర్‌వో వద్దనే చెప్పింది.

ఇక అడిగే పద్ధతి. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది, కాగితం మీద అడగండి. గ్రామసభలో లేదా వార్డు సభలో మూడు అడగాలి: ఈ ఏడాది రసాయన, సూక్ష్మజీవుల పరీక్షల రిపోర్టుల కాపీలు, గత మూడు నెలల క్లోరిన్ రిజిస్టరు, ట్యాంకు కడిగిన తేదీల రిజిస్టరు. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, తెల్లకార్డు వాళ్లకు ఎక్కడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, ప్రాణానికి సంబంధించిన విషయమైతే 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలోనే ఉంది, విరేచనాలు, కామెర్లు ఒకే వాడలో నలుగురైదుగురికి వచ్చినప్పుడు ఆ మాట రాసే దరఖాస్తు పెట్టండి, ఎంతమందికి, ఏ తేదీ నుంచి అని వివరంగా రాయండి, ఏఎన్ఎంకు, ఆశా వర్కరుకు కూడా చెప్పండి. అక్కడా పని కాకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి పోయి, మీ క్లోరిన్ పరీక్ష తేదీలు, అంకెలు, నల్లాల గుంతల ఫోటోలు జతచేసి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీలో "నీళ్లు బాగాలేవు" అని రాస్తే పక్కన పెట్టేస్తారు, "ఫలానా వీధి చివర నల్లాలో మూడు రోజులుగా క్లోరిన్ సున్నా, ట్యాంకు దగ్గర 0.5, మధ్యలో రెండు చోట్ల పైపు మోరీలోంచి పోతుంది" అని రాస్తే ఇంజనీరు రావాల్సిందే. వచ్చినప్పుడు చివరి ఇంటి వాళ్లను దగ్గర ఉంచుకుని, వాళ్ల ముందే శాంపిల్ తీయించి, సీసా నంబరు రాసుకోండి.